ఏకపాదం గారి మండల దీక్ష

అక్టోబరు 19, ఆదివారం. మొదటి రోజు

ఉదయం 11.40. న్యూ అలీపూర్‌లోని మా రెండో అంతస్తు ఫ్లాట్‌లోకి సముద్రం వచ్చేసింది! నూట ఇరవై లీటర్లు. లిఫ్ట్ లేదు. మోసినవాళ్ళు నన్ను బెంగాలీలో ఏమన్నారో ఈ పవిత్ర గ్రంథంలో రాయను.

కారణం మాత్రం చరిత్రకెక్కాలి. నాన్నకు విశాఖపట్నం బదిలీ అయింది. డిసెంబరు మొదట్లో చేరాలి. బ్యాంకు ఆఫీసరు కొడుకుగా పుట్టిన పాపానికి ఇరవై నాలుగేళ్ళలో ఏడు ఊళ్ళు, తొమ్మిది స్కూళ్ళు చూశాను. ఒకే టీ కొట్టాయన వరసగా నాలుగేళ్ళు నా మొహం గుర్తుపట్టింది ఒక్క కలకత్తాలోనే. అందుకని నిన్న కాఫీల వేళ ప్రకటించాను: నేను కదలను. సెక్టార్ ఫైవ్‌లో ఉద్యోగం ఉంది. ఇదే మేడ మీద ఓనరు గారి ఒంటి గది ఖాళీగా ఉంది. మీరు వెళ్ళండి, నేనుంటాను.

నాన్న పేపరు దించలేదు. "ఒక్కడివా? మనీప్లాంటును చంపినవాడివి నువ్వు. అది చావాలంటే ఎంత కృషి ఉండాలిరా!"

అమ్మ రాయబారం మొదలుపెట్టింది. "పోనీ ఓ తులసి మొక్క ఇచ్చి చూద్దామండీ."

నాకు రోషం వచ్చింది. రోషం వచ్చినప్పుడు నేను మాట్లాడకూడదు. మాట్లాడాను. "మొక్కలెందుకు? పెంచడానికి అన్నిటికన్నా కష్టమైన ప్రాణిని తెస్తాను. నలభై ఒక్క రోజులు, నిండు మండలం, బతికించి చూపిస్తాను. అప్పుడు ఉండనిస్తావా?"

"చావకుండా?"

"చావకుండా."

పేపరు వెనక నుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. కరచాలనం చేశాం. మొహం మాత్రం రాలేదు.

ఫోన్‌లో వెతికాను. "కొత్తవాళ్ళు దీని జోలికి పోవద్దు" అని లోకమంతా ఏకగ్రీవంగా చెప్పిన జీవి: సీ ఎనిమోన్. వెంటనే దాని జోలికి పోయాను. ఉప్పునీటి చేపలు అమ్మే ఆశిష్ దా తన కొట్లో ఎనిమిది నెలలుగా నడుస్తున్న తొట్టినే రాళ్ళతో, ఇసుకతో, సగం నీళ్ళతో సహా ఇచ్చాడు. కొత్త తొట్టిలో వేస్తే వారంలో పోతుందట.

చూడ్డానికి పువ్వు. నిజానికి జంతువు. కళ్ళు లేవు. మెదడు లేదు. వేళ్ళలాంటి రెక్కల చివర గోధుమరంగు బుడగలు. తినేదీ విసర్జించేదీ ఒకే రంధ్రంతో. మా ఆఫీసులో ఇలాంటివాళ్ళు ఇద్దరున్నారు, ఇద్దరికీ ప్రమోషన్లొచ్చాయి. ఉన్నది ఒకటే పాదం. దాంతో రాతికి అతుక్కుంటుంది. కనుక నామకరణం: ఏకపాదం గారు.

దీక్షా నియమాలు:
పొద్దున, సాయంత్రం ఉప్పు సాంద్రత చూడాలి. 1.025. వేడి 26.
ప్రతి ఆదివారం పదో వంతు నీళ్ళు మార్చాలి.
వారానికి రెండు చిన్న రొయ్య ముక్కలు. ఆయనకు.
మండలం పూర్తయ్యేదాకా బిర్యానీ లేదు. నాకు.

నియమాల కాయితాన్ని ఫ్రిజ్ మీద అంటించాను. దాని ముందు నిలబడి ఒక దండం పెట్టాను. వెనక నాన్న దగ్గాడు. జలుబు లేదు.

అక్టోబరు 20. రెండో రోజు

ఉదయం 8.00. సాంద్రత 1.025! వేడి 26! నేను పుట్టిందే ఇందుకు!

8.30. ఏక్‌బాల్‌పూర్ నుంచి మా ఇంటికి పనికొచ్చే అప్పలలక్ష్మి చీపురు పట్టుకుని తొట్టి ముందు ఆగిపోయింది. ఆవిడ పుట్టింది శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు పల్లెలో. భర్త ఇక్కడ మున్సిపాలిటీలో పని.

"ఓలమ్మ! ఇది మా ఊరి రాళ్ళకి అంటుకునుంటాది గదా! దీన్ని పెంచుతారేటి బాబూ? మేవైతే తొక్కేసి దురదెట్టి ఏడుస్తాం."

"ఇది జాతి వేరు అప్పలలక్ష్మీ. ఈయన పేరు ఏకపాదం గారు."

"గారేటి బాబూ! మా ఆయన్నే నేను గారని అన్ను."

సాయంత్రం. వీధిలో కాళీపూజ టపాకాయలు. ఒక్కో చప్పుడుకీ ఆయన వణుకుతారేమోనని తొట్టికి అటూ ఇటూ దిళ్ళు కట్టాను. ఆయనకు చెవులు లేవని తర్వాత తెలిసింది. దిళ్ళు తడిసిపోయాయి.

అక్టోబరు 22. నాలుగో రోజు

ఉదయం 7.10. సంక్షోభం. డీప్ ఫ్రిజ్‌లో రొయ్యల పాకెట్ లేదు.

"కార్తీకం వచ్చిందిరా," అంది అమ్మ. "నెల్లాళ్ళు ఇంట్లో నీచు లేదు."

"అమ్మా, ఆయన సముద్ర ప్రాణి. ఆయనకు కార్తీకమేమిటి?"

"మనింట్లో ఉన్నాడు కదా? మనింట్లో ఉన్నంతకాలం ఉంది."

7.30. ఆశిష్ దాకు ఫోన్ చేశాను. ఆయన పగలబడి నవ్వి, తర్వాత సీరియస్ అయ్యాడు. తిండి లేకపోయినా నెల్లాళ్ళు ఉంటుందట. ఒంట్లో ఉన్న నాచు వెలుతురుతో వంట చేసి పెడుతుందట. "కానీ నీళ్ళు జాగ్రత్త భాయ్. అందులో ఏదీ పడకూడదు. ఏదీ అంటే ఏదీ."

అమ్మకు చెప్పాను. నీళ్ళ సంగతి చెప్పేలోపే మొదటి సగం విని చేతులు జోడించింది. "వెలుతురు తిని బతుకుతాడా! ఏ జన్మలో రుషో ఏటో!" రెండో సగం వినకుండా పూజగదిలోకి వెళ్ళిపోయింది.

అక్టోబరు 26, ఆదివారం. ఎనిమిదో రోజు

పన్నెండు లీటర్ల ఉప్పునీళ్ళు కలిపాను. వడకట్టాను. కొలిచాను. మార్చాను. నడుము పోయింది. కీర్తి మిగిలింది.

నాన్న పొద్దున ఆరింటికి తొట్టి ముందు కళ్ళజోడుతో కనిపించాడు. నన్ను చూడగానే, "గోడకు చెమ్మ పడుతుందేమోనని చూస్తున్నా," అన్నాడు. గోడ అటు వైపుంది.

అక్టోబరు 28. పదో రోజు

ఉదయం 7.00. ఏకపాదం గారు లేరు!

7.05. రాయి మీద లేరు. రాయి కింద లేరు. ఇంట్లో అత్యవసర పరిస్థితి ప్రకటించాను.

7.20. అప్పలలక్ష్మి పట్టుకుంది. ఫిల్టరు వెనక గాజుకు అతుక్కుని ఉన్నారు. రాత్రికి రాత్రి అడుగున్నర దూరం నడిచారు, ఒంటికాలి మీద.

"చోటు నచ్చకపోతే నడుస్తాది బాబూ. నచ్చితే కొండంత కెరటవొచ్చినా కదల్దు."

నాన్న వెనక నుంచి, "ట్రాన్స్‌ఫర్ రిక్వెస్ట్ పెట్టుకున్నట్టున్నాడు," అన్నాడు. చాలా ఆనందంగా అన్నాడు.

మోటారులోకి జారిపోకుండా దాని మూతికి స్పాంజి కట్టాను. జాగ్రత్తపరుణ్ణి. బాధ్యతాయుతుణ్ణి. నాలోని మనీప్లాంటు నాటి లలిత్ చచ్చిపోయాడు.

అక్టోబరు 31. పదమూడో రోజు

ఆఫీసువాళ్ళు జగద్ధాత్రి పూజకు చందన్‌నగర్ లాక్కెళ్ళారు. దీపాల అలంకరణలు చూడకపోతే కలకత్తాలో ఉండే అర్హత లేదన్నారు. ఉండడం కోసమే కదా నా దీక్ష! కనుక వెళ్ళడం దీక్షలో భాగం.

రాత్రి రీడింగ్ తియ్యలేదు. పొద్దున ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంటుంది. సముద్రానికి తొందరేముంది?

నవంబరు 2, ఆదివారం. పదిహేనో రోజు

నీళ్ళు మార్చలేదు. కారణాలు: (1) చందన్‌నగర్ నడకకు కాళ్ళు వాచాయి. (2) ఉప్పు అయిపోయింది. (3) ఉప్పు అయిపోలేదు, కానీ పైన అటక మీద ఉంది. (4) పై మూడూ.

బిర్యానీ తిన్నాను. అందులో బంగాళాదుంప కూడా ఉంది. దుంప తినాలంటే చుట్టూ ఉన్నది తినక తప్పదు.

నవంబరు 5, కార్తీక పౌర్ణమి. పద్దెనిమిదో రోజు

సాయంత్రం 6.15. అమ్మ అరటిదొప్పలో దీపం పెట్టుకుని తొట్టి మూత తీస్తోంది!

"అమ్మా, ఆగు!"

"ఇంట్లో సముద్రం పెట్టుకుని దీపం వదలడానికి గంగ ఘాటు దాకా పోవాలేట్రా? ఆ జనంలో?"

"నెయ్యి పడితే చచ్చిపోతుందమ్మా!"

"దీపం పెడితే చస్తారా ఎవరైనా?"

నాన్న మధ్యవర్తిత్వం చేశాడు. తొట్టి పక్కన బకెట్ పెట్టారు. దీపం బకెట్‌లో తేలింది. అమ్మ దండం మాత్రం తొట్టికే పెట్టింది. చాలాసేపు పెట్టింది. పెదాలు కదులుతూనే ఉన్నాయి.

నవంబరు 9, ఆదివారం. ఇరవై రెండో రోజు

ఏకపాదం గారు నానబెట్టిన చింతపండు ఉండలా ఉన్నారు. రంధ్రం తెరుచుకుని ఉంది. బుడగలు లేవు. రంగు పాలిపోయింది.

పుస్తకాల ప్రకారం అప్పుడప్పుడూ ముడుచుకోవడం సహజం. నేనూ సోమవారాల్లో ముడుచుకుంటాను.

నీళ్ళు మారుద్దామనుకున్నాను. మ్యాచ్ ఉంది.

నవంబరు 12. ఇరవై అయిదో రోజు

రాత్రి భోజనాల దగ్గర నాన్న నా రీడింగుల నోట్‌బుక్ తెరిచాడు.

"పదకొండు రోజులుగా సాంద్రత 1.025. పొద్దున, సాయంత్రం. వేడి 26. పాయింటు తేడా లేదు."

"నిలకడ నాన్నా. నిర్వహణ అంటే అదే."

"ముప్పై ఏళ్ళుగా ఇలాంటి నోట్‌బుక్కులు చూస్తున్నాను. ఇంత నిలకడ శవానికి తప్ప ఎవరికీ ఉండదు."

అమ్మ, "అన్నం దగ్గర శవాలేటండీ," అంది. నోట్‌బుక్ మూశారు. నేను మజ్జిగలోకి వెళ్ళకుండానే లేచాను.

నవంబరు 15. ఇరవై ఎనిమిదో రోజు

సిగ్గేసింది. నిజంగా మీటర్ పెట్టి చూశాను. సాంద్రత 1.027. వేడి 26. అంటే నేను కాపీ కొట్టిన అంకెలు దాదాపు నిజమే! ఉప్పు కలపని నీళ్ళు కొన్ని పోసి సరిచేశాను. నీళ్ళు మార్చాను. లైటు తుడిచాను. స్పాంజి పిండాను.

అయినా ఆయన విచ్చుకోలేదు.

ఇది అన్యాయం. బద్ధకించినప్పుడు చస్తే అర్థం చేసుకోగలను. పని చేసినప్పుడు చావడమేమిటి?

మేడ మీది గది చూసొచ్చాను. కిటికీలోంచి పక్కింటి టాంకు, రెండు కొబ్బరి చెట్లు, ఒక గాలిపటం కనిపించాయి. ఊరికే చూసొచ్చాను.

నవంబరు 21. ముప్పై నాలుగో రోజు

కార్తీకం అయిపోయింది. ఉదయం 8.00కి పెసరగింజంత రొయ్య ముక్క పెట్టాను. 8.04కి ఆయన దాన్ని ఉమ్మేశారు. ప్రాణమున్న మర్యాదస్తుడెవరూ రొయ్యను ఉమ్మడు.

సీసాలో నీళ్ళు పట్టుకుని ఆశిష్ దా దగ్గరికి పరిగెత్తాను. ఆయన ఏవో చుక్కలు కలిపాడు, ఊపాడు. నీళ్ళు రంగు మారాయి. ఆయన మొహం కూడా మారింది.

"ఏ కీ కొరేఛో భాయ్! ఏం చేశావయ్యా! రాగి! నీళ్ళలో రాగి ఉంది! ఎనిమోన్‌కు రాగి అంటే విషం!"

"మా తొట్టిలో రాగి ఎక్కడిది?"

"అది నన్నడుగుతావేం? మీ ఇంట్లోవాళ్ళను అడుగు."

సాయంత్రం 6.30. హాల్లో విచారణ. నాన్న న్యాయమూర్తి, నేను ఫిర్యాదీ. మోటారు చూశాం. వైర్లు చూశాం. హీటరు చూశాం. రాగి లేదు.

అప్పలలక్ష్మి అంట్లు తోముతూ వంటింట్లోంచే సాక్ష్యం చెప్పింది. "రాగి పంచపాత్రలో తీర్థం రోజూ పోస్తన్నారు గదా అమ్మగారు! ఉద్ధరిణితో, మూడేసి సార్లు! ఈళ్ళకి తెల్దేటి?"

నాన్నా, నేనూ ఒకేసారి అమ్మ వైపు తిరిగాం.

అమ్మ కొంగు చివర మెలిపెట్టుకుంది. "నెల్లాళ్ళు ఉపవాసం ఉన్న ప్రాణికి చుక్క తీర్థమైనా పొయ్యకపోతే ఎలారా? రాత్రి తులసేసి నానబెట్టిన నీళ్ళు. మీ నాన్న షుగరుకు మంచిదని అదే ఇస్తాను."

"అమ్మా! నెల్లాళ్ళుగా ఆయనకు విషం పోస్తున్నావు!"

"నువ్వు గెలవాలనేరా! పోసినప్పుడల్లా మొక్కుకున్నాను."

"ఏమని?"

అమ్మ నాన్న వైపు చూసింది, నా వైపు చూసింది. "నువ్వు ఇక్కడే ఉండాలని మొక్కాను. మాతోనే రావాలనీ మొక్కాను. రెంట్లో ఏది కుదిరితే అది చెయ్యమన్నాను."

"రెండూ ఎలా కుదురుతాయే?" అన్నాడు నాన్న.

"అది ఆయన చూసుకోవాలి గానీ మనకెందుకండీ?"

కేసు కొట్టేశారు. ముగ్గురం కలిసి సగం నీళ్ళు మార్చాం. నాన్న లుంగీ ఎగ్గట్టి బకెట్లు మోశాడు. ఆశిష్ దా ఇచ్చిన రాగి పీల్చే మెత్తను ఫిల్టరులో పెట్టాం. అమ్మ చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, దూరంగా నిలబడి చూసింది.

నవంబరు 23. ముప్పై ఆరో రోజు

మళ్ళీ నీళ్ళు మార్చాం. ఏకపాదం గారు పొడుగ్గా సాగుతున్నారు. నడుం దగ్గర సన్నబడ్డారు. వాసన చూశాను. చచ్చిన వాసన లేదు. బతికిన వాసన ఎలా ఉంటుందో నాకు తెలియదు.

పెట్టెలు సర్దడానికి అమ్మకు సాయం చేశాను. నా బట్టలు ఏ పెట్టెలో పెట్టాలని అడిగింది. తెలియదన్నాను. బయటే ఉంచింది.

నవంబరు 25. ముప్పై ఎనిమిదో రోజు

ఉదయం 6.20. నాన్న కేక. ఇరవై నాలుగేళ్ళలో ఆయన గొంతు అంత ఎత్తున వినలేదు. "లలిత్! రా! ఇద్దరున్నారు!"

పరిగెత్తాను. రాయికి అటు ఒకటి. ఇటు ఒకటి. రెండూ చిన్నవి. రెండూ నలిగినవి. రెండూ బతికున్నవి.

ఆశిష్ దా ఫోన్‌లో వివరించాడు. కష్టమొస్తే ఇవి నిలువునా చీలిపోతాయట. సగం పాదం అటు, సగం ఇటు. ఎక్కడో ఒకచోట బతుకుతామని.

అమ్మ తొట్టి ముందు నిలబడింది. చెంపలు వేసుకుంది. తర్వాత నాన్న వైపు తిరిగి, "కుదిరింది చూశారా!" అంది.

నవంబరు 28. నలభై ఒకటో రోజు

తీర్పు రోజు. నాన్న తొట్టి ముందు కుర్చీ వేసుకుని కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"మొదటి రోజున ఒకటి. ఇవాళ రెండు. అసలుది లేదు."

"అసలుదే రెండుగా ఉంది నాన్నా."

"అసలు రెండుగా ఉంటే మా బ్యాంకులో దాన్ని ఫోర్జరీ అంటారు."

"చావలేదు కదా? పందెం అదే కదా?"

"నువ్వు బతికించలేదు కదా?"

అమ్మ పప్పు గరిటెతో వచ్చింది. "ఎవరూ బతికించలేదు, ఎవరూ చంపలేదు. అన్నానికి రండి."

నాన్న లేవలేదు. ఆలోచించాడు. ప్రమోషన్ ఇంటర్వ్యూకు కూడా అంతసేపు ఆలోచించి ఉండడు.

"ఒకటి మాతో వస్తుంది. ఒకటి నీ దగ్గరుంటుంది. ఇంకో మండలం. ఎవరిది ముందు పోతే వాళ్ళు మూటాముల్లె సర్దుకుని రెండోవాళ్ళ ఊరికి పోవాలి."

"నీది పోతే నువ్వు కలకత్తా వస్తావా? ఉద్యోగం?"

"వీఆర్ఎస్ తీసుకుంటాను."

అమ్మ చేతిలో గరిటె జారింది. నాన్న చెయ్యి బయటికొచ్చింది. ఈసారి పేపరు అడ్డం లేదు.

నవంబరు 30, ఆదివారం

షాలిమార్ స్టేషన్. గాలి నింపిన ప్లాస్టిక్ సంచి, దాని చుట్టూ థర్మోకోల్ పెట్టె, దాని చుట్టూ అమ్మ శాలువా. విశాఖలో ఆశిష్ దా స్నేహితుడు ఒకాయన నడుస్తున్న తొట్టి సిద్ధంగా ఉంచాడట.

ఎదురు బెర్తు పెద్దాయన పెట్టెలో ఏముందని అడిగాడు. నాన్న, "మా అబ్బాయి," అన్నాడు. పెద్దాయన కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

అమ్మ కిటికీలోంచి నాకు వరసగా చెప్పింది. గ్యాస్ కట్టెయ్యి. పెరుగు తోడు పెట్టుకో. అప్పలలక్ష్మి మీద అరవకు. రైలు కదిలాక కూడా చెబుతూనే ఉంది. ఆఖరిది వినబడలేదు. ఫోన్ చేసి అడగొచ్చు. అడగలేదు.

డిసెంబరు 1, సోమవారం. మొదటి రోజు

ఉదయం 7.15. మేడ మీది గది. తొట్టీ నేనూ నిన్న రాత్రే పైకెక్కాం. ఎవరూ నిద్ర లేపలేదు. కుక్కరు కుయ్యనలేదు. స్వాతంత్ర్యం! అటుకులు తడిపాను. ఎక్కువ తడిపాను. తాగాను.

నియమాల కాయితం కొత్తది రాశాను. సాంద్రత రోజుకు మూడుసార్లు. నీళ్ళు వారానికి రెండుసార్లు. బిర్యానీ జన్మలో లేదు.

7.50. నాన్న మెసేజ్. రైలు దిగారు, తొట్టి దగ్గరికి చేరారు. "నువ్వు రాసిచ్చిన చీటీ రైల్లో పోయింది. ఉప్పు సాంద్రత ఎంత?"

7.51. చూస్తూ కూర్చున్నాను. ఒక్క అంకె. ఒక్క అంకె అటూ ఇటూ అయితే వాళ్ళది వారంలో పోతుంది. పందెం పందెమే. శనివారానికల్లా అమ్మ ఇక్కడుంటుంది, పప్పు గరిటెతో సహా.

7.53. 1.035 అని టైపు చేశాను.

7.58. చెరిపాను. 1.025 అని పంపాను. వేడి 26 అని కూడా రాశాను. అమ్మను తీర్థం ఇంకెక్కడైనా పొయ్యమనమన్నాను.

8.04. నాన్న: "సరే. మాది సగం విచ్చుకుంది. మీ అమ్మ దాని పక్కనుంచి లేవడం లేదు. నీదెలా ఉంది?"

"పూర్తిగా విచ్చుకుంది" అని పంపాను.

8.10. పూర్తిగా ముడుచుకుని ఉంది. బెల్లం ముక్కంత ఉంది. సాంద్రత బాగుంది. వేడి బాగుంది. ఏమీ అర్థం కాలేదు. భయమేసింది.

8.20. అప్పలలక్ష్మి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి నన్నూ, తొట్టినీ, గోడనూ చూసింది.

"బాబూ, లైటెయ్యలేదు."

8.21. లైటు వేశాను.

మొదటి రోజు 8.21 నుంచి లెక్క.